ర్యాంప్ కట్టించినా బండి ఎక్కట్లేదు, ఏం చెయ్యాలి?

జీడిబట్టీ, పర్లాకిమిడి:
పొద్దున ఆరు నుంచి మేస్త్రీతో తల బాదుకుంటున్నాను. మా జీడిపప్పు బట్టీలో నడవలేని ఇద్దరిని సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నాను. వాళ్ల కోసమే ర్యాంప్ కట్టించాను. వెనక నుంచి ఇద్దరు తోస్తే గాని బండి ఎక్కట్లేదు. ఒకసారి వెనక్కి తిరగబడబోయింది కూడా. సిమెంటంతా మళ్లీ పగలగొట్టాలా? త్వరగా చెప్పండి.

సైటు ఇంజనీరు, రాయగడ:
ఎత్తెంత? పొడవెంత?

తెలుగు పంతులు, బరంపురం:
ముందు మాట సరిచేసుకోండి. "నడవలేని" ఏమిటి? 2015 డిసెంబరులో ప్రధాని చెప్పినప్పటి నుంచి దివ్యాంగులు అనే అంటున్నాం.

ఫిజియో, జయపురం:
పంతులుగారూ, ఆ మాట వద్దనేవాళ్లూ వాళ్లలోనే చాలామంది ఉన్నారు. ఆ ఇద్దరినీ ఏమని పిలవాలో వాళ్లనే అడిగితే సరి.

జీడిబట్టీ, పర్లాకిమిడి:
గుమ్మం అడుగున్నర ఎత్తు. ర్యాంప్ ఆరడుగులు. ఇంకా ముందుకి తెస్తే లారీ తిరగదు.

సైటు ఇంజనీరు, రాయగడ:
తప్పు అక్కడే ఉంది. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు కావాలి. అడుగున్నరకి పద్దెనిమిది. మీది ఒకటికి నాలుగు, అది ఎవరూ ఎక్కలేరు. పగలగొట్టాల్సిందే. లారీకి అడ్డం రాకుండా గోడ వెంబడే తిప్పండి: తొమ్మిదడుగుల వాలు, మలుపులో ఐదడుగుల చదరం చప్టా, మళ్లీ తొమ్మిదడుగులు. వెడల్పు నాలుగడుగులకి తగ్గొద్దు. తలుపు ముందు కూడా ఐదడుగుల చదును ఉండాలి. లేకపోతే తలుపు తీసేలోపే బండి వెనక్కి దొర్లిపోతుంది. అంచున మూడంగుళాల గట్టు, రెండు పక్కలా పట్టుకోడానికి కమ్మీలు. నున్నగా పాలిష్ చేయించొద్దు, తడి మీదే చీపురుతో అడ్డగీతలు వేయించండి.

ఫిజియో, జయపురం:
ఆగండి. "బండి" అంటే వీల్‌చైరా, చేత్తో తిప్పే మూడు చక్రాల సైకిలా?

జీడిబట్టీ, పర్లాకిమిడి:
మూడు చక్రాలదే. క్యాంపులో ఇచ్చింది. రెండూ ఒకటే కదా?

ఫిజియో, జయపురం:
ఒకటి కాదండీ. ముందు చక్రానికి గొలుసున్న రకమైతే వాలు మీద బరువంతా వెనక్కి పోతుంది, ముందు చక్రం పట్టు తప్పి జారుతుంది. మీరు చూసింది అదే అయ్యుంటుంది. ర్యాంప్ సరిచేసినా ఆ సైకిలు లోపల బల్లల మధ్య తిరగదు. సైకిలు కింద నీడలో ఆపుకోనివ్వండి. అక్కడే మనిషికొకటి చొప్పున రెండు వీల్‌చైర్లు సిద్ధంగా పెట్టండి. రెండు సీట్లూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉండాలి, మారేటప్పుడు రెంటికీ బ్రేకు వేసుండాలి.

లేబర్ కన్సల్టెంట్, గునుపురం:
ఎవరూ చట్టం మాట ఎత్తరేం? 4 శాతం ఉద్యోగాలు ఇచ్చి తీరాలి.

సైటు ఇంజనీరు, రాయగడ:
అది సర్కారు కొలువులకి. ఇది ప్రైవేటు బట్టీ.

లేబర్ కన్సల్టెంట్, గునుపురం:
ఒప్పుకుంటాను, 2016 వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల చట్టం 34వ సెక్షన్ ప్రభుత్వానికే. కానీ 20 మందీ అంతకు మించీ ఉన్న ప్రైవేటు సంస్థ సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించాలి. ఏ పనులకి తీసుకుంటారు, ఎలా ఎంపిక చేస్తారు, ఏ సదుపాయాలిస్తారు, ఎవరిని అడగాలి, ఇవన్నీ అందులో ఉండాలి. మీ దగ్గర ఎంతమంది?

జీడిబట్టీ, పర్లాకిమిడి:
26. ఇంకోటి, వీళ్లది ఆంధ్రాలో పాతపట్నం వైపు. అక్కడిచ్చిన సదరం (వైకల్య) సర్టిఫికెట్లున్నాయి. ఒడిశాలో చెల్లవంటున్నారు.

లేబర్ కన్సల్టెంట్, గునుపురం:
ముందే చెప్పాల్సిందిది. అధికారిక వైకల్య సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుందని 58వ సెక్షన్ చెప్తోంది. యూడీఐడీ కార్డుకి (వైకల్యం ఉన్నవాళ్లకి కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు) మాత్రం ఆధార్‌లో ఉన్న ఆంధ్రా చిరునామాతోనే పెట్టించండి. మీ బట్టీ చిరునామా ఇస్తే వేరే జిల్లాకి పోయి తిరుగుతూ ఉంటుంది.

ఫిజియో, జయపురం:
ఏ పనిలో పెడుతున్నారు?

జీడిబట్టీ, పర్లాకిమిడి:
ఒకాయన కటింగ్, ఒకాయన బోర్మా (పప్పు ఆరబెట్టే వేడి పెట్టె) దగ్గర.

ఫిజియో, జయపురం:
వద్దండీ, దయచేసి మార్చండి. కటింగ్ మిషన్‌కి కాలితో తొక్కాలి. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లయితే నడుము కింద స్పర్శ ఉండకపోవచ్చు. బోర్మా నుంచి వచ్చిన వేడి ట్రే ఒళ్లో పెట్టుకుంటే చర్మం కాలినా తెలియదు. కుష్టు నయమైనవాళ్లు ఎప్పుడైనా వస్తే, వేళ్లలో స్పర్శ లేనివాళ్లని కూడా జీడినూనె (పెంకులోంచి వచ్చే, చర్మం కాల్చే నూనె) తగిలే చోట పెట్టకండి. ఈ ఇద్దరికీ పొట్టు తీయడం, గ్రేడింగ్ ఇవ్వండి. బల్ల కింద మోకాళ్లకి 28 అంగుళాల ఎత్తు ఖాళీ ఉంచండి, అడ్డకర్ర ఉంటే తీసేయించండి. సీటు మీద దళసరి మెత్త వెయ్యండి. అరగంటకోసారైనా చేతుల మీద ఒళ్లు పైకి లేపుకోమనండి, లేకపోతే పిరుదుల కింద పుండ్లు పడతాయి. మానడానికి నెలలు పడతాయి, ఆ నెలలన్నీ కూలి పోతుంది.

తెలుగు పంతులు, బరంపురం:
ఇంతకీ ర్యాంపుకి తెలుగులో "వాలుబాట" అనొచ్చుగా.

జీడిబట్టీ, పర్లాకిమిడి:
మేస్త్రీ సుత్తి పట్టుకొచ్చాడు. పని మొదలుపెట్టాం. థాంక్సండీ అందరికీ.

సైటు ఇంజనీరు, రాయగడ:
బాత్‌రూమ్ తలుపు వెడల్పెంత?

జీడిబట్టీ, పర్లాకిమిడి:
రెండడుగులు. గుమ్మం మెట్టు కూడా ఉంది.