విచారణ గురువులు

ప్రశ్న: 1954 నాటి బ్రిటిష్ సినిమా ‘ఫాదర్ బ్రౌన్’ గురించి తెలుగులో నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. చెస్టర్టన్ కథల్లోని కేథలిక్ ఫాదర్‌గా అలెక్ గిన్నెస్ వేశాడు. నేరాలు ఛేదించే ఈ పారిష్ ప్రీస్టుని ఏమనాలి? పూజారి అంటే గుడి గంట వినిపిస్తోంది. పాస్టర్ అంటే ప్రొటెస్టెంట్ అయిపోయి శాఖే మారిపోతుంది. పాదిరి మరీ పాతగా ఉంది.

జవాబు: పాదిరి మీద చిన్నచూపు వద్దండీ. పోర్చుగీసు ‘పాద్రె’ నుంచి వచ్చింది, దానికీ అర్థం తండ్రే. కానీ మీకు కావలసిన మాట వేరే ఉంది. మన ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్ మిషన్) వాళ్లు పారిష్‌ని, అంటే ఒక ఫాదర్ చూసుకునే చర్చి పరిధిని, ‘విచారణ’ అంటారు, అక్కడి ఫాదర్ గారిని ‘విచారణ గురువులు’ అంటారు. (మనిషి ఒక్కరే, ‘లు’ మర్యాదకి.) పేపర్లో ఆ మాట చూసి మా ఆఫీసులో ఒకాయన “ఏ కేసులో?” అని అడిగాడు!

ఇది ‘మంచిచెడ్డలు విచారించడం’లోని విచారణ, కూపీ లాగడం కాదు. బ్రౌన్ రెండూ చేస్తాడు కాబట్టి ఆయనకి అచ్చంగా సరిపోతుంది. సినిమా మొదట్లో తెరిచిన ఇనప్పెట్టె దగ్గర డబ్బుతో పోలీసులకి దొరికిపోతాడు చూడండి. తన విచారణకి చెందిన ఒకడు కొట్టేసిన సొమ్ముని తిరిగి పెట్టేయడానికి వెళ్లాడు పాపం. తర్వాత ఫ్లాంబో అనే దొంగ శిలువ కాజేసినా, అతన్ని పట్టించాలని కాదు, బాగుచేయాలనే ఈయన తాపత్రయం.

ప్రశ్న: మరి ఫాదర్ దగ్గర పాపాలు చెప్పుకునే కన్ఫెషన్? ‘నేరాంగీకారం’ అని రాసేశాను.

జవాబు: అయ్యో, అది పోలీస్ స్టేషన్ మాట. చర్చిలో ‘పాపసంకీర్తనం’ అంటారు. అన్నమయ్య వల్ల మనకి సంకీర్తన అంటే పాటే గుర్తొస్తుంది గానీ, నోరు తెరిచి చెప్పడం అన్న అర్థమూ దానికి ఉంది. ఈ సినిమాకి మూలమైన ‘నీలి శిలువ’ కథలో, దొంగల ఎత్తులన్నీ మీకెలా తెలుసని ఫ్లాంబో నోరెళ్లబెడతాడు. జనం పాపాలు వినడమే పనిగా ఉన్నవాడికి చెడు తెలియకుండా ఎలా ఉంటుందన్నట్టు జవాబిస్తాడు బ్రౌన్. నేరాంగీకారం అని పెడితే ఆ లింకు తెగిపోతుంది.

ప్రశ్న: సరే, ‘విచారణ గురువులు బ్రౌన్’ అనే రాస్తాను. ఏ కేసులో అని ఎవరైనా అడిగితే మీ దగ్గరికే పంపిస్తా.