‘బట్‌స్కెలిజం’కి తెలుగు మాట?

బ్రిటన్ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. యుద్ధం అయ్యాక లేబర్ పార్టీ కట్టిన సంక్షేమ రాజ్యాన్ని, 1951లో గెలిచిన కన్సర్వేటివ్‌లు కూల్చకుండా పదమూడేళ్లు నడిపారు కదా, ఆ కథ. ‘బట్‌స్కెలిజం’ దగ్గర ఆగిపోయాను. ‘ఉభయపక్ష ఏకాభిప్రాయం’ అని రాస్తే చప్పగా ఉంది. మీరైతే ఏమంటారు?

— చప్పదనం ఒక్కటే కాదండీ, అర్థమే మారిపోయింది. అది వెక్కిరింత. 1954లో ఎకానమిస్ట్ పత్రిక ‘మిస్టర్ బట్‌స్కెల్’ అని లేని మనిషిని పుట్టించింది. అప్పటి కన్సర్వేటివ్ ఆర్థికమంత్రి బట్లర్‌లో ‘లర్’ కోసేసి, ఆయనకు ముందు అదే కుర్చీలో ఉన్న లేబర్ నాయకుడు గైట్‌స్కెల్‌లో ‘గైట్’ కోసేసి, పార్టీలు వేరైనా ఇద్దరి విధానమూ ఒకటేనని అతికించారు. (ఏ సంధి అని అడక్కండి!) మనకు ‘దొందూ దొందే’ ఉండనే ఉంది.

— బాగుంది మాస్టారూ. మందుల చీటీ సంగతి చూస్తే అచ్చం అదే. చీటీకి డబ్బు తీసుకునే వీలు 1949లో చట్టంలో పెట్టింది లేబర్ వాళ్లు. 1951లో కట్టుడు పళ్లకీ కళ్లజోళ్లకీ రుసుము పెట్టింది గైట్‌స్కెల్. ఉచిత వైద్యం తెచ్చిన బెవాన్ ఆ కోపంతోనే మంత్రి పదవి వదిలేశాడు. 1952 జూన్ నుంచి చీటీకో షిల్లింగు వసూలు చేసింది మాత్రం కన్సర్వేటివ్‌లు. 1956 చివర్లో అది చీటీలోని ఒక్కో మందుకీ షిల్లింగు అయింది. అనువాదంలో ఇక్కడ జాగ్రత్త!

— నేను ఒప్పుకోను. ‘దొందూ దొందే’ అంటే ఇద్దరూ అంతే అని మనమే తీర్పు చెప్పేసినట్టు. మరి 1957 చట్టంతో ఇళ్ల అద్దెల మీద అదుపు సడలించింది కన్సర్వేటివ్‌లే కదా? వాళ్లలో వాళ్లకే పడలేదు. ఖర్చులో 5 కోట్ల పౌండ్ల కోత దగ్గర పేచీ వచ్చి, 1958 జనవరిలో ఆర్థికమంత్రి థార్నీక్రాఫ్ట్, ఆయన కింది మంత్రులిద్దరూ రాజీనామా ఇచ్చేశారు. ప్రధాని మాక్‌మిలన్ కోతకు పూర్తిగా ఒప్పుకోలేదు. అందుకే నా ఓటు ‘ఒకే గాటన కట్టడం’. అందులో తప్పు కట్టినవాడిదా, కట్టించుకున్నవాళ్లదా అన్నది తేలదు.

— ఇదే కావాలి నాకు! ‘బట్‌స్కెలిజం’ అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘బట్లర్‌నీ గైట్‌స్కెల్‌నీ ఒకే గాటన కట్టి పత్రిక పెట్టిన పేరు’ అని రాస్తాను. ‘దొందూ దొందే’ శీర్షికకి దాచుకుంటా, మాస్టారు ఏమీ అనుకోకపోతే.