మాడ్యూళ్లుగా విడగొట్టిన జావా అప్లికేషన్‌లో లాగిన్ ఎవరి బాధ్యత?

రుషికొండ ప్రోగ్రామర్:
విశాఖలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక సంస్థ కోసం రాసిన జావా అప్లికేషన్‌ను మేము ఈ మధ్యనే కొనుగోలు, కోల్డ్ స్టోరేజీ, ఎగుమతి పత్రాలు అనే మూడు మాడ్యూళ్లుగా విడగొట్టాము. తగవు లాగిన్ దగ్గర మొదలైంది. పాస్‌వర్డ్ సరిచూసే కోడ్‌ను ఒక్క చోటికి చేర్చాలని కొందరు అంటుంటే, అలా చేస్తే అన్నీ దానికే కట్టుబడి విడగొట్టిన ప్రయోజనమే పోతుందని, కనుక ఏ మాడ్యూల్ లాగిన్ దానికే ఉండాలని మరికొందరు అంటున్నారు. మీ అనుభవంలో ఏది నిలిచింది?

మధురవాడ వాసి:
రెండో వాదనను నేను ఒప్పుకోలేను. పాస్‌వర్డ్ సరిచూసే చోట్లు మూడైతే, లోపం బయటపడిన రోజున దిద్దవలసిన చోట్లూ మూడవుతాయి. అయితే కట్టుబడిపోతామన్న వారి భయంలో నిజం ఉంది. మాడ్యూళ్లు ఆధారపడవలసింది లాగిన్ కోడ్ మీద కాదు, ‘ఈ పని అడుగుతున్నది ఎవరు’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబిచ్చే చిన్న ఇంటర్‌ఫేస్ మీద. ఆ ఇంటర్‌ఫేస్‌ను వేరే మాడ్యూల్‌లో పెట్టి, దానిలోకి ఏ ఫ్రేమ్‌వర్క్ క్లాసునూ రానివ్వకండి. 2017 సెప్టెంబరులో జావా 9తో వచ్చిన మాడ్యూల్ వ్యవస్థలో, వాడుకునే మాడ్యూల్ ‘యూజెస్’ అనీ, అమలు చేసే మాడ్యూల్ ‘ప్రొవైడ్స్’ అనీ ప్రకటిస్తే, రెండింటినీ జావాలోని సర్వీస్ లోడర్ అనే క్లాసు కలుపుతుంది. అమలు చేసిన ప్యాకేజీని ఇతర మాడ్యూళ్లకు కనబడేలా ఎక్స్‌పోర్ట్ చేయవలసిన అవసరమే ఉండదు. జావా 1.4 నాటి లాగిన్ వ్యవస్థ జాస్ (JAAS) కూడా జావా 9 నుంచి తన లాగిన్ మాడ్యూళ్లను ముందుగా సర్వీస్ లోడర్ ద్వారానే వెతుకుతుంది.

సిరిపురం సీనియర్:
ఇంత శ్రమ ఎందుకండీ? అప్లికేషన్ పాస్‌వర్డ్‌ను ముట్టుకోవడమే పొరపాటు. కీక్లోక్ వంటి లాగిన్ సర్వర్‌కు ఆ పని అప్పగించి, ఓపెన్‌ఐడీ కనెక్ట్ అనే లాగిన్ ప్రమాణం ద్వారా వచ్చిన టోకెన్ (వాడుకరి ఎవరో తెలిపే డిజిటల్ చీటీ) మీది సంతకాన్ని ముఖద్వారం దగ్గర ఒక్కసారి సరిచూస్తే చాలు. లోపలి మాడ్యూళ్లకు లాగిన్ గొడవే అక్కరలేదు.

మధురవాడ వాసి:
పాస్‌వర్డ్ బయట ఉండాలన్న మాటతో నాకు పేచీ లేదు. ముఖద్వారంతో పని అయిపోతుందన్న చోటనే మీతో విభేదిస్తున్నాను. వచ్చినది ఎవరో ద్వారం చెప్పగలదు గానీ, ఫలానా సరుకును ఫలానా మనిషి బయటికి పంపవచ్చునా అన్నది కోల్డ్ స్టోరేజీ మాడ్యూల్ దగ్గరున్న వివరాలతోనే తేలుతుంది. పైగా ఉద్యోగిని ఉదయం వేరే విభాగానికి మార్చినా, ముందే ఇచ్చిన టోకెన్‌లోని పాత హోదా దాని గడువు తీరేదాకా చెల్లుతూనే ఉంటుంది.

ఇంకొక ఉచ్చు ఉంది. నేను పడి లేచినదే. స్ప్రింగ్ సెక్యూరిటీ అనే జావా భద్రతా ఫ్రేమ్‌వర్క్ వాడుకరి వివరాలను మామూలుగా థ్రెడ్‌లోకల్‌లో, అంటే పని నడుపుతున్న ఆ ఒక్క థ్రెడ్‌కే కనబడే చోట, దాస్తుంది. పని వేరే థ్రెడ్‌కు వెళ్తే అవి వెంట రావని, కొత్త థ్రెడ్‌కు వారసత్వంగా అందే పద్ధతికి మార్చాను. ఆ వారసత్వం థ్రెడ్ పుట్టినప్పుడు మాత్రమే జరుగుతుంది; పూల్‌లో (మళ్లీ వాడుకోవడానికి ఉంచే థ్రెడ్ల గుంపులో) ఉన్న థ్రెడ్ మాత్రం ఆ పాత వివరాలతోనే మళ్లీ మళ్లీ పనికి వస్తుంది. ఫలితంగా ఒకరు ఆమోదించిన బిల్లుల మీద మరొకరి పేరు పడింది. ఎవరూ మోసం చేయలేదని తేల్చడానికి రెండు రోజులు పట్టింది. అప్పటి నుంచి మాడ్యూల్ సరిహద్దు దాటే ప్రతి పిలుపులోనూ వాడుకరిని పారామీటర్‌గానే పంపుతున్నాను. కోడ్ కొంచెం పొడవైంది, ఒప్పుకుంటాను.

సిరిపురం సీనియర్:
హోదా సంగతి నేను తేలికగా తీసుకున్న మాట నిజమే. కానీ పారామీటర్ల వరుస చూస్తే నాకు విసుగు. జావా 18 నుంచి, వాడుకరి గుర్తింపును మోసే జాస్ సబ్జెక్ట్ క్లాసులో ‘కాల్ యాజ్’, ‘కరెంట్’ మెథడ్లు ఉన్నాయి, వాటినైనా వాడవచ్చు. పాత ‘గెట్ సబ్జెక్ట్’ జోలికి మాత్రం వెళ్లకండి. 2025 మార్చిలో వచ్చిన జావా 24లో, కోడ్ ఏ పనులు చేయవచ్చో నియంత్రించే పాత సెక్యూరిటీ మేనేజర్‌ను శాశ్వతంగా ఆపివేశారు, దానితో ముడిపడిన ఆ మెథడ్‌ను పిలిస్తే ఎక్సెప్షనే వస్తుంది.

రుషికొండ ప్రోగ్రామర్:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పాస్‌వర్డ్‌ను బయటి సర్వర్‌కు ఇచ్చి, గుర్తింపు ఇంటర్‌ఫేస్‌ను వేరే మాడ్యూల్‌గా ఉంచి, అనుమతుల నిర్ణయం మూడు మాడ్యూళ్లకే వదిలేద్దామని మా వాళ్లకు చెబుతాను. ఒక్క చిక్కు మిగిలింది: రాత్రి రెండు గంటలకు మనిషి లేకుండా నడిచే నిల్వ లెక్కింపును ఎవరి పేరు మీద నడపాలి?

మధురవాడ వాసి:
దానికంటూ ఒక ఖాతా తెరిచి, చదివే హక్కు మాత్రమే ఇవ్వండి. మేనేజర్ ఖాతాను మాత్రం అరువు తీసుకోకండి.