249లో ఉండాల్సిన లైసిన్ ఎక్కడికి పోయింది?

నిద్రలేని కన్ను:
సాయంత్రం నుంచి ఆరు గంటలుగా దీనితోనే కుస్తీ పడుతున్నాను. మనిషి ఓజీజీ1 (పాడైన డీఎన్ఏను బాగుచేసే ఎంజైమ్) స్ఫటిక నిర్మాణం దించుకున్నాను. పాడైన గ్వానిన్‌ను డీఎన్ఏ నుంచి తెంచే పని ప్రోటీన్ గొలుసులో 249వ అమైనో ఆమ్లమైన లైసిన్‌దని ఏ పుస్తకం తెరిచినా ఉంటుంది. నా ఫైలులో ఆ చోట గ్లుటామిన్ ఉంది! మూడుసార్లు మళ్లీ దించాను, పైమోల్ (నిర్మాణాలు చూసే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ ఎక్కించాను. అదే గ్లుటామిన్. పక్కనుండే 268వ ఆస్పార్టిక్ ఆమ్లం మాత్రం దాని చోటులోనే ఉంది. డాకింగ్ (చిన్న అణువును ప్రోటీన్ గుంటలో, అంటే పాకెట్‌లో, కంప్యూటర్ మీద అమర్చి చూడటం) కూడా కుదరడం లేదు, లైగాండ్ (ఆ చిన్న అణువు) పాకెట్‌లోకి వెళ్లనంటోంది. ఫైలు పాడైందా?

పొడిమాట:
ఏ ఫైలు? పీడీబీ సంకేతం (ప్రోటీన్ నిర్మాణాల నిధిలో ఆ ఫైలు గుర్తు) రాయకపోతే మేము సోది చెప్పాలి.

పాత స్ఫటికం:
ముందు ఒక మాట. స్ఫటిక నిర్మాణాన్ని ఫొటోలాగా చూడటం మానాలి. ఎక్స్ కిరణాల ప్రయోగం ఇచ్చేది ఎలక్ట్రాన్ సాంద్రత పటం మాత్రమే. అందులో పరమాణువులను అమర్చేది మనిషి. లైసిన్ పక్కగొలుసు పొడుగైనది, చివర ఊగుతూ ఉంటే అక్కడి సాంద్రత మసకబారుతుంది. 2 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టత దగ్గర హైడ్రోజన్లు కనిపించనే కనిపించవు. నిర్మాణం దించిన వెంటనే రంగులు వేసి చూస్తారు కానీ ఆర్-ఫ్రీ (అమర్చిన నమూనా ప్రయోగానికి ఎంత సరిపోయిందో చెప్పే అంకె) ఎంతో ఒక్కరూ చూడరు. మీరు చూశారా?

పొడిమాట:
మసకబారిన లైసిన్ గ్లుటామిన్ అయిపోదు. సంకేతం?

నిద్రలేని కన్ను:
1ఈబీఎం. అందరూ వాడేది అదే కదా అని రాయలేదు.

వంశవృక్షం:
ఓజీజీ1లో మనుషుల మధ్య తేడాలు మామూలే. 326వ సెరిన్ బదులు సిస్టీన్ ఉన్నవాళ్లు ఎందరో. దాని మీద వచ్చినన్ని పరిశోధనలు ఈ జన్యువులో మరే మార్పు మీదా రాలేదనుకుంటాను. క్యాన్సర్‌తో దానికి సంబంధం ఉందా లేదా అన్న వాదన ఇంకా...

పొడిమాట:
అడిగింది 249.
1ఈబీఎం 2000లో వచ్చిన నిర్మాణం, 2.1 ఆంగ్‌స్ట్రామ్‌లు. లైసిన్‌ను గ్లుటామిన్‌గా కావాలనే మార్చారు. ఫైలును మామూలు టెక్స్ట్‌గా తెరిచి పై వరుసలు చదవండి, అక్కడే రాసి ఉంటుంది.

నిద్రలేని కన్ను:
పనిచేసే అమైనో ఆమ్లాన్నే తీసేస్తే ఇక చూడటానికి ఏం మిగిలింది?

పిపెట్ చేతిలో:
తీసేయబట్టే చూడగలిగారు. లైసిన్ ఉంటే స్ఫటికం కట్టేలోపే ఎంజైమ్ తన పని ముగించేస్తుంది. గ్లుటామిన్ పెట్టడంతో అది డీఎన్ఏను పట్టుకుంది కానీ తెంచలేకపోయింది, ఆ భంగిమలోనే దొరికిపోయింది. డీఎన్ఏ ఎంత వంగిందో చూశారా, దాదాపు 70 డిగ్రీలు! 8-ఆక్సోగ్వానిన్ (అదే ఆ పాడైన గ్వానిన్) డీఎన్ఏ మెలిక నుంచి పూర్తిగా బయటికి తిరిగి 319వ ఫినైల్ అలనిన్‌కూ 253వ సిస్టీన్‌కూ మధ్య ఇరుక్కుంటుంది. నాకు ఎప్పటికీ ఆశ్చర్యం కలిగించేది మాత్రం 42వ గ్లైసిన్. మంచి గ్వానిన్‌లో ఏడో నత్రజని మీద హైడ్రోజన్ ఉండదు, పాడైనదానిలో ఉంటుంది. ఆ ఒక్క హైడ్రోజన్‌ను గ్లైసిన్ కార్బొనిల్ పట్టుకుంటుంది. పాకెట్‌లో ఈ రెంటికీ తేడా తెలిసేది ప్రధానంగా ఆ బంధంతోనే.
మీ లైగాండ్‌ను ఏ రూపంలో గీశారు?

నిద్రలేని కన్ను:
8-హైడ్రాక్సీగ్వానిన్. ఒక పాత పుస్తకంలో ఆ పేరే ఉంది.

పాత స్ఫటికం:
రెండు పేర్లూ ఒకే పదార్థానివి. అందులో తప్పేమీ లేదు.

పిపెట్ చేతిలో:
పేరు ఒకటే కావచ్చు, బొమ్మ ఒకటి కాదు. హైడ్రాక్సీగా గీస్తే హైడ్రోజన్ ఆక్సిజన్ మీదికి పోతుంది, ఏడో నత్రజని ఖాళీ అవుతుంది. అప్పుడు గ్లైసిన్ పట్టుకునేది దేన్ని?

పాత స్ఫటికం:
హైడ్రోజన్లు ఆ నిర్మాణంలో కనిపించవని పైనే చెప్పాను. హైడ్రోజన్ దాత ఎవరు, గ్రహీత ఎవరు అన్నది దూరాన్ని బట్టి చేసిన ఊహ.

పిపెట్ చేతిలో:
ఊహ కాదు, రసాయనశాస్త్రం. నీటిలో ఆక్సో రూపానిదే పైచేయి.

పొడిమాట:
ఏ రూపంలో గీసినా లోపలికి పోదు. డాకింగ్‌కు ముందు డీఎన్ఏ గొలుసులు తీశారా?

నిద్రలేని కన్ను:
తీయాలా?

పొడిమాట:
పాకెట్‌లో ఇప్పటికే ఒక ఆక్సోగ్వానిన్ కూర్చుని ఉంది. ఇంకొకటి ఎక్కడ పడుతుంది?

నిద్రలేని కన్ను:
తీశాను. ఆక్సో రూపంలో మళ్లీ గీశాను. వెళ్లింది. 249లో లైసిన్ కావాలంటే?

పిపెట్ చేతిలో:
పైమోల్‌లోనే మార్చుకోవచ్చు, కానీ పక్కగొలుసు ఎటు తిరగాలో మీరే ఎంచుకోవాలి. లైసిన్ ఉన్న నిర్మాణమే కావాలంటే 1కేవో9 ఉంది. అందులో డీఎన్ఏ లేదు, కాబట్టి పాకెట్ ఇదే ఆకారంలో ఉంటుందనుకోకండి.

నిద్రలేని కన్ను:
సరే, ధన్యవాదాలు. పడుకుంటాను.

పాత స్ఫటికం:
నీటిలో ఉన్న రూపమే పాకెట్ లోపల కూడా ఉండాలని ఎక్కడుంది? అన్నట్టు, ఆర్-ఫ్రీ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.