చర్చ: కొత్త గిటార్ కొనేటప్పుడు ఫ్యాక్టరీ సెటప్‌ని లెక్కలోకి తీసుకోవాలా?

ఆరో తీగ

కొత్త గిటార్ల మీద రివ్యూలు చూడండి. "బాక్సు తీయగానే వాయించేశా, యాక్షన్ అదుర్స్" అని ఐదు నక్షత్రాలు. లేదా "తీగలు మరీ ఎత్తు, వేళ్లు వాచిపోయాయి" అని ఒక నక్షత్రం. ఈ రెండూ చదివి గిటార్ కొనడం దండగ అంటాను. యాక్షన్ అంటే ఫ్రెట్ల (నెక్ మీది లోహపు మెట్ల) మీద తీగల ఎత్తు. అది, నెక్ రిలీఫ్ (గిటార్ మెడలో ఉంచే స్వల్ప వంపు), ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా స్వరం సరిగ్గా పలకడం), పికప్ (తీగ కదలికని పట్టే అయస్కాంతం) ఎత్తు, ఈ సర్దుబాట్లే సెటప్. ఇవన్నీ ఒక ఆలెన్ కీ, ఒక స్క్రూడ్రైవర్ ఉంటే గంటలో మారేవి.

పైగా ఫ్యాక్టరీ పెట్టిన సెటప్ ఫ్యాక్టరీ వేసిన తీగలకే. 648 మి.మీ. స్కేల్ (తీగ మోగే పొడవు) ఉన్న స్ట్రాట్ (ఫెండర్ వారి ఎలక్ట్రిక్ గిటార్) మీద 9-42 సెట్ (సన్న, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) తీసేసి 10-46 వేశారనుకోండి. ఆరు తీగల లాగుడు మొత్తం 38 కిలోల పైచిలుకు నుంచి 47 కిలోల దాకా వెళ్తుంది. ఆ ఎనిమిది కిలోలకి నెక్ ముందుకు వంగుతుంది, యాక్షన్ లేస్తుంది. ఫ్లాయిడ్ రోజ్ (స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జి) ఉన్న గిటార్ అయితే తీగలు ఆనే ఆ బ్రిడ్జే పైకి లేచి కూర్చుంటుంది. తీగలు మార్చిన పూటే ఫ్యాక్టరీ సెటప్ కథ కంచికి. దాని కోసం రెండు మూడు వేలు ఎక్కువ పెట్టడం దేనికి?

గోదారి గట్టు

ఆరో తీగ గారూ, లెక్క బాగానే ఉంది, అందులో కొనేవాడే లేడు. మొదటి గిటార్ కొనేవాడికి ఆలెన్ కీ ఎటు తిప్పాలో తెలియదు. తెలిసినా నట్ (తల దగ్గర తీగలు కూర్చునే గాడుల పట్టీ) ఎత్తు దానితో తగ్గదు. మొదటి ఫ్రెట్ దగ్గర తీగని ఎంత లోతుకి నొక్కాలో తేల్చేది నట్. అది ఎత్తుగా ఉంటే ఓపెన్ కార్డులు (కొన్ని తీగలు నొక్కకుండా కలిపి మోగించే స్వరాలు) ఎలాగోలా పట్టేస్తాడు, ఎఫ్ బార్ (ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కే ఎఫ్ కార్డు) దగ్గర ఆగిపోతాడు. నొప్పి ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. అంత లోతుకి నొక్కినప్పుడు తీగ సాగి శ్రుతి పైకి పోతుంది. ట్యూనర్ మీద ఆరు తీగలూ పచ్చగా వెలుగుతాయి, ఎఫ్ మాత్రం అపస్వరం. పాపం వాడు నట్‌ని అనుమానించడు, తన చేతినే అనుమానిస్తాడు.

దాన్ని దించాలంటే ఒక్కో తీగ మందానికి ఒక్కో నట్ ఫైల్ కావాలి. జిల్లా కేంద్రాల్లో గిటార్లు అమ్మే షాపులకు కొదవ లేదు, నట్ ఫైళ్లు పెట్టుకున్న షాపుని మాత్రం వెతుక్కోవాలి. కాబట్టి కొత్తవాడికి ఫ్యాక్టరీ సెటప్పే మొదటి గురువు.

మెట్టు 22

మీరిద్దరూ సెటప్ అనే ఒక్క మాటని వేరు వేరు పనులకి వాడుతున్నారు, గొడవంతా అక్కడే ఉంది.

స్క్రూ తిప్పితే మారేవి వేరు: రిలీఫ్, ఎలక్ట్రిక్ బ్రిడ్జి ఎత్తు, ఇంటొనేషన్, పికప్. అరగదీస్తే తప్ప మారనివి వేరు: నట్ గాడులు, ఫ్రెట్ల మట్టం, ఫ్రెట్ కొసలు, అకూస్టిక్ శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ). ఇంట్లో ఏం చేసినా మారనివి మూడో రకం: తప్పు కోణంలో అతికించిన నెక్, మెలి తిరిగిన నెక్. మొదటి రకం చూసి గిటార్‌కి మార్కులు వేయొద్దు. రెండో రకం చూసి ఖర్చు లెక్క వేసుకోండి. మూడో రకం కనిపిస్తే తిరిగి పంపేయండి.

నట్ సంగతి. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కిపట్టి, మొదటి ఫ్రెట్ మీద తీగని వేలితో తట్టండి. చిన్నగా టిక్ మనాలి. అంటే అక్కడ కాగితమంత సందు ఉందన్నమాట. సందు కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తే నట్ ఎత్తు. అసలు సందే లేకపోతే ఓపెన్ (నొక్కని) తీగ బజ్ కొడుతుంది, అంటే ఫ్రెట్‌కి తగిలి గరగరలాడుతుంది. ఫ్యాక్టరీలు నట్‌ని కాస్త ఎత్తుగా వదలడం అజాగ్రత్త వల్ల కాదు. ఎత్తుగా ఉన్న గాడిని దించొచ్చు, లోతైపోయిన గాడిని పైకి తేవడం కష్టం, చాలాసార్లు కొత్త నట్ వేయాల్సిందే. షాపులో తీయగానే బజ్ కొట్టే గిటార్ అమ్ముడుపోదు, నొక్కడం కొంచెం కష్టమైనది అమ్ముడుపోతుంది.

ఫ్రెట్ల మట్టానికి ఏటీఎం కార్డు చాలు. దాని అంచుని మూడు ఫ్రెట్ల మీద నిలబెట్టి అటూ ఇటూ ఆడించండి. టకటక ఊగితే మధ్య ఫ్రెట్ ఎత్తు. పై ఫ్రెట్లలో దూరం తగ్గుతుంది కాబట్టి కార్డు పొట్టి అంచు వాడండి, లేకపోతే నాలుగో ఫ్రెట్ తగిలి తప్పు చెబుతుంది.

బజ్ ఎక్కడొస్తుందో కూడా చూడండి. ఓపెన్ తీగకే వస్తే నట్. మొదటి ఐదారు ఫ్రెట్లలో వస్తే నెక్ మరీ బిగిసి వెనక్కి పోయింది. పన్నెండు దాటాక వస్తే యాక్షన్ తక్కువ, లేదా నెక్ చివర పైకి లేచింది. ఒకే ఒక్క స్వరానికి వస్తే ఆ తర్వాతి ఫ్రెట్ ఎత్తు. మొదటి మూడూ ఖంగారు పడాల్సినవి కావు. ఒకే స్వరానికి వచ్చే బజ్‌ని "సెటప్ చేయిస్తే పోతుందిలే" అనే సేల్స్‌మన్ మాట నమ్మొద్దు. యాక్షన్ లేపి దాన్ని దాచేస్తారు, ఫ్రెట్ అలాగే ఉంటుంది.

చార్మినార్ పిక్

అన్నా, మీరందరు కలిసి అసలు ముచ్చట ఇడిచిపెట్టిండ్రు. గాలిల తేమ.

అకూస్టిక్ గిటార్లకు 45 నుంచి 55 శాతం తేమ ఉండాలని కంపెనీలే చెప్తయి. ఇండోనేసియాల, చైనాల సెటప్ చేసిన గిటార్ కంటైనర్ల పడి సముద్రం మీద వారాలకు వారాలు వస్తది, ఆడికెళ్లి గోదాం, గోదాంకెళ్లి నీ ఇల్లు. ఏప్రిల్ మధ్యాహ్నం హైదరాబాద్‌ల తేమ 30 శాతం కిందికి పోతది. చెక్క కుంచించుకపోతది, ఫ్రెట్ లోహం గద, అది పోదు. గందుకే నెక్ పక్కలకు ఫ్రెట్ కొసలు ముండ్ల లెక్క పొడుచుకొస్తయి. పైచెక్క కుంగితే యాక్షన్ దిగి బజ్ గొడ్తది. అదే మోడల్ విశాఖపట్నంల ఉల్టా. పైచెక్క తేమ పీల్చి ఉబ్బుతది, బ్రిడ్జి లేస్తది, యాక్షన్ పెరుగుతది. ఇప్పుడు చెప్పుండ్రి, ఇద్దరు రాసిన రివ్యూలల ఎవలది కరెక్ట్? ఇద్దరిది కరెక్టే, ఊర్లు వేరు.

ఇంకోటి. ఎండాకాలంల కొసలు గుచ్చుకుంటున్నయని ఎంటనే ఆకురాయి పట్టకు. తడి స్పాంజి ముక్క సబ్బు డబ్బాల పెట్టి, డబ్బాకు బొక్కలు గొట్టి, కేసుల పెట్టి మూత వెయ్యి. నీళ్లు కారకుండ పిండినంకనే పెట్టాలె. వారం పదిరోజులకు గూడ లోపలికి పోకుంటె అప్పుడు ఆకురాయి పట్టించు.

సరళీ వరస

వీణ కొనేవాళ్లకి ఈ గొడవ కొత్త కాదు. 24 మెట్లు మైనం మీద కూర్చుంటాయి. ఎండకి మైనం మెత్తబడితే మెట్టు కదులుతుంది, స్వరం పోతుంది, మళ్లీ మేళం కట్టించాల్సిందే, అంటే మెట్లని స్వరాలకి సరిగ్గా కూర్చోబెట్టించాల్సిందే. వీణ ఖరీదు పక్కనే మేళం ఖర్చు కూడా రాసుకుంటారు, "తయారీదారు మోసం చేశాడు" అని ఎవరూ అనరు. గిటార్ దగ్గరికొచ్చేసరికి బాక్సు తీయగానే పలకాలని ఎందుకు కోరతారో?

గోదారి గట్టు

సరళీ వరస గారూ, మంచి పోలిక, కానీ అది నా పక్షానికే పనికొస్తుంది. వీణ మీద మెట్టు జరుగుతుంది, మైనం కరిగించి మళ్లీ కూర్చోబెట్టొచ్చు. గిటార్ ఫ్రెట్‌ని గాడి కోసి దిగ్గొట్టేశారు. ఫ్యాక్టరీ ఏ మట్టంలో వదిలిందో అదే మట్టం. మైనం లేని చోట మొదటిసారే సరిగ్గా చేసి ఉండాలి కదండీ.

ఆరో తీగ

సరే, నట్ విషయం ఒప్పుకున్నాను, ఫ్రెట్ల విషయమూ. అది సెటప్ కాదు, పనితనం. నా గొడవ యాక్షన్ నంబర్ల గురించి. "1.6 యాక్షన్‌తో వచ్చింది" అని రాస్తారు, ఏ ఫ్రెట్ దగ్గర అని రాయరు. ఫెండర్ తన సూచనల్లో 9.5 అంగుళాల రేడియస్ (ఫ్రెట్ల అడ్డ వంపు) నెక్‌కి 1.6 మి.మీ. అని చెప్పేది 17వ ఫ్రెట్ దగ్గర. గిబ్సన్ కొలిచేది 12వ ఫ్రెట్ దగ్గర, లావు తీగకి 2 మి.మీ., సన్న తీగకి 1.2. ఈ రెండు నంబర్లనీ పక్కపక్కన పెట్టి "ఇదెత్తు, అది తక్కువ" అనేవాళ్లకి దణ్ణం.

ఎలక్ట్రిక్ వరకు ఎవరైనా చేసుకోగలిగిన వరస ఇది, వరస తప్పితే చేసిందే మళ్లీ చేయాలి. కొత్త తీగలు వేసి శ్రుతి చేయండి. మొదటి ఫ్రెట్‌కి కాపో (తీగలన్నీ నొక్కిపట్టే క్లిప్) పెట్టి, ఆరో (అన్నిటికన్నా లావు) తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, ఎనిమిదో ఫ్రెట్ మీద సందు చూడండి. 0.25 మి.మీ. ఉండాలి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకులు) లేదా? 10-46 సెట్‌లో సన్న తీగ మందం సరిగ్గా అంతే, పాత తీగ ముక్క దూర్చి చూడండి. లేదంటే బైక్ మెకానిక్ ట్యాపెట్లకి వాడే గేజ్ అడగండి. సందు ఎక్కువైతే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపల ఉండే, దాని వంపు సరిచేసే కడ్డీ) కుడికి, తక్కువైతే ఎడమకి, ఒక్కసారికి పావు చుట్టు మించకుండా తిప్పి, మళ్లీ శ్రుతి చేసి కొలవండి. ఆ తర్వాతే యాక్షన్, ఆ తర్వాతే ఇంటొనేషన్. 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి పలికించే స్వరం) కన్నా నొక్కిన స్వరం శ్రుతి ఎక్కువైతే శాడిల్‌ని వెనక్కి (నట్‌కి దూరంగా), తక్కువైతే ముందుకి. యాక్షన్ దించడానికి ట్రస్ రాడ్ తిప్పేవాళ్లున్నారు, అది దాని పని కాదు.

గంటసేపు తిప్పినా లావు తీగ ఇంటొనేషన్ కుదరకపోతే శాడిల్‌ని వదిలి పికప్ చూడండి. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ అయస్కాంతం దగ్గరగా ఉంటే తీగని లాగేస్తుంది, ఒకే తీగ రెండు స్వరాలు పలికినట్టు వణుకుతుంది. చివరి ఫ్రెట్ నొక్కి లావు తీగ కింద 2.4 మి.మీ., సన్న తీగ కింద 2 మి.మీ. సందు ఉంచండి.

గోదారి గట్టు

అదంతా ఎలక్ట్రిక్. కొత్తవాళ్లలో ఎక్కువ మంది కొనేది అకూస్టిక్. దాని బ్రిడ్జికి స్క్రూ ఎక్కడుంది?

మెట్టు 22

లేదు, అందుకే అకూస్టిక్‌కి ఫ్యాక్టరీ పనితనం ఎలక్ట్రిక్ కన్నా ఎక్కువ ముఖ్యం, ఇందులో నేను మీవైపే. అయినా శాడిల్ అరగదీయడం కష్టం కాదు. 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటర్ తగ్గాలంటే శాడిల్ కింద ఒక మిల్లీమీటర్ తీయాలి, ఎప్పుడూ రెట్టింపు. పెన్సిల్‌తో గీత గీసి, గాజు పలక మీద 120 నంబర్ ఎమరీ కాగితం పరిచి, శాడిల్‌ని నిటారుగా పట్టి అడుగు వైపే రుద్దండి, పై వంపు ముట్టుకోవద్దు. గీతకి వెంట్రుకవాసి ముందే ఆగి, పెట్టి చూసి మళ్లీ తీయండి. అడుగు గుండ్రమైతే కింద పియెజో పికప్ (శాడిల్ ఒత్తిడిని పట్టే పికప్) ఉన్న గిటార్‌లో ఒకటి రెండు తీగలు నీరసంగా వినపడతాయి.

మొదలుపెట్టేముందు శాడిల్ బ్రిడ్జి పైకి ఎంత కనిపిస్తుందో చూడండి. 3 మి.మీ. ఉంటే దించడానికి చోటుంది. శాడిల్ ఇప్పటికే బ్రిడ్జిలో మునిగిపోయి యాక్షన్ ఇంకా ఎత్తుగా ఉందంటే నెక్ కోణం తప్పు. పొడవాటి స్టీలు స్కేలుని ఫ్రెట్ల మీద పరిస్తే దాని కొన బ్రిడ్జి పై అంచుని తాకాలి. బ్రిడ్జి పక్కకి గుద్దుకుంటే ఆ గిటార్ వద్దు.

కొత్త చెయ్యి

అన్నలూ, ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కిచ్చే గడువు ఏడు రోజులే అనుకోండి. ఏది ముందు చూడాలి?

మెట్టు 22

పెట్టె రాగానే తెరవకండి తమ్ముడూ, గది వేడికి అలవాటు పడనివ్వండి, ఒక రాత్రి చాలు. మర్నాడు శ్రుతి చేసి, నెక్‌ని తల వైపు నుంచి తుపాకీ గురి చూసినట్టు చూడండి. రెండు అంచులూ ఒకే తీరుగా వంగితే ఫర్వాలేదు, ఒకటి ఒకలా ఒకటి ఒకలా ఉంటే అది మెలి. ఆ తర్వాత స్కేలు, కార్డు, నట్ దగ్గర టిక్, ఇదే వరసలో. ఆరు తీగల మీదా ప్రతి ఫ్రెట్‌నీ ఒక్కసారి మోగించి, బజ్ ఉన్న చోటు కాగితం మీద రాసి, వీడియో తీసి పెట్టుకోండి. ట్రస్ రాడ్ ముట్టుకోవద్దు, ముట్టుకుంటే "మీరే పాడు చేశారు" అంటారు. తీగలు కొయ్యొద్దు. పికప్‌ల మీదా పిక్‌గార్డ్ మీదా అంటించిన ప్లాస్టిక్ పొరని, ఉంచుకునే గిటారే అని తేలేదాకా పీకొద్దు.