కానుక సంచి దగ్గర సంఘ పెద్దలు మాదిరిగా ఉండడం ఎలా?

ప్రశ్న:
అందరికీ వందనాలు. మాది ఎనభై కుటుంబాల స్వతంత్ర సంఘం. వచ్చే నెల నుంచి ఐదుగురం పెద్దలుగా బాధ్యత తీసుకుంటున్నాం. "మందకు మాదిరులుగా ఉండుడి" అని 1 పేతురు 5:3లో ఉంది. ఆదివారం మధ్యాహ్నం కానుకలు లెక్కపెట్టే చోట ఆ మాట ఎలా పాటించాలి? ఇప్పటివరకు సంచి నేరుగా పాస్టర్ గారింటికే వెళ్తోంది. ఆయన మీద ఎవరికీ అనుమానం లేదు. పద్ధతి మారిస్తే ఆయన్ని అవమానించినట్టు అవుతుందా?

జవాబు 1:
అవమానం కాదు బ్రదర్, ఆయనకి అది కాపుదల. యెరూషలేము విశ్వాసుల కోసం పోగుచేసిన చందా విషయంలో ఎవరూ తప్పుపట్టకూడదనే పౌలు జాగ్రత్తపడ్డాడు. సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి తీతుతో కలిపి పంపాడు. 2 కొరింథీ 8:16-21 పెద్దలంతా కలిసి చదవండి.

లెక్క గుడిలోనే, తలుపులు తీసి ఉంచి, ఆరాధన అయిన వెంటనే జరగాలి. కనీసం ఇద్దరుండాలి, వాళ్లు ఒకే ఇంటివాళ్లు కాకూడదు. భార్యాభర్తలు, అన్నదమ్ములు కూర్చుంటే ఒక్కరు కూర్చున్నట్టే. పాస్టర్ గారి కుటుంబం నుంచి ఎవరూ వద్దు. 500, 200, 100 ఇలా నోట్లు విడగొట్టి ఒకరు లెక్కపెట్టాక, ఆ అంకె చూడకుండా రెండోవారు మళ్లీ లెక్కపెట్టాలి. కానుక కవర్ విప్పగానే అందులో ఉన్న మొత్తం ఆ కవర్ మీదే రాసి, ఆడిట్ అయ్యేదాకా దాచండి. లెక్క రాసిన కాగితం రెండు ప్రతులు, రెండింటి మీదా ఇద్దరి సంతకాలు. ఒకటి ట్రెజరర్‌కి, ఒకటి సెక్రటరీకి. సోమవారం మొత్తం బ్యాంకులో పడాలి.

ఎక్కువ సంఘాలు తప్పేది ఇక్కడే. మైకు అబ్బాయికి 500, టీ నీళ్లకి 300 అని సంచిలోంచే ఇచ్చేసి, మిగిలింది జమ చేస్తారు. అప్పుడు కాగితం, పాస్‌బుక్ ఎప్పటికీ కలవవు. ఎవరూ దొంగిలించకపోయినా అనుమానం మాత్రం పుడుతుంది. చిల్లర ఖర్చులకి ఒక మూడు వేలు విడిగా పెట్టుకుని, ప్రతిదానికీ వోచర్ రాయండి. లెక్క వంద తగ్గితే జేబులోంచి పూడ్చకండి, తగ్గిందనే రాయండి.

నెలవారీ జమాఖర్చు నోటీసు బోర్డు మీద పెట్టండి. ఎవరు ఎంత ఇచ్చారో మాత్రం పెట్టొద్దు, స్టేజీ మీద చదవొద్దు. యాకోబు 2లో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించిన తప్పు అదే.

జవాబు 2:
పై జవాబుకి రెండు చేర్పులు. గోడ మీద అంటించిన క్యూఆర్ కోడ్ ఎవరి ఖాతాదో ముందు చూడండి. చాలాచోట్ల అది పాస్టర్ గారి సొంత ఖాతా. సొసైటీ లేదా ట్రస్టు పేరున ఖాతా తెరిచి, ఇద్దరు సంతకం చేస్తేనే డబ్బు వచ్చేలా పెట్టుకోండి.

రెండోది విదేశీ డబ్బు. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా సంఘ పని కోసం అది తీసుకోవడం నేరం. రిజిస్ట్రేషన్ ఉన్నా, ఆ డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లు పంపినప్పుడు పాస్‌పోర్టు సంగతి అడగండి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే వస్తుంది.

జవాబు 3:
లెక్కలు సరే, పాస్టర్ గారి జీతం సంగతి ఎవరూ ఎత్తలేదు. జీతం ఖాయంగా లేకపోతే ఇంటి ప్రార్థనల్లో ఇచ్చే కవర్లే ఆయనకి బతుకుతెరువు అవుతాయి. అప్పుడు కవరిచ్చే ఇళ్లకి వెళ్లినన్నిసార్లు కూలి చేసుకునే ఇంటికి వెళ్లడం కుదరదు. దానికి ఆయన్ని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. జీతం తీర్మానం రాసుకుని ఒకటో తేదీన బ్యాంకులో వేయండి. కవరిచ్చేవాళ్లని "అయ్యగారికి" అనో "సంఘానికి" అనో పైన రాయమనండి.

ఇక కోత పండుగకి విశ్వాసులు కానుకగా తెచ్చిన వస్తువుల వేలం. సంఘ పెద్ద ఒకాయన వేలం పాట మొదలుపెడితే గౌరవం కొద్దీ మిగతావాళ్లు ఆగిపోతారు. ఆరు వేల మేక మూడు వేలకే ఆయన పాలవుతుంది. అందుకే పెద్దలు వేలంలో పాడకూడదు. కొనాలనుంటే చివర్లో, ఎవరూ పాడని వస్తువు మార్కెట్ ధరకి తీసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ. ఈ మార్పు సంఘానికి ఎవరు చెబితే బాగుంటుంది?

జవాబు 1 రాసినవారు:
పాస్టర్ గారే చెప్పాలి. పెద్దలు ప్రకటిస్తే ఆయన మీద కాపలా పెట్టినట్టు వినిపిస్తుంది. ముందు ఆయన ఇంటికి వెళ్లి, ఐదుగురూ కూర్చుని మాట్లాడండి. జీతం తీర్మానం కాగితం కూడా అదే రోజు చేతిలో పెట్టండి. సంచి తీసుకుని జీతం మాట తర్వాత చూద్దామంటే ఆయన ఇంట్లో ఆ నెల బియ్యానికే ఇబ్బందవుతుంది.