‘పడదు’కీ ‘పట్టదు’కీ తేడా ఎంత?

ప్రశ్న: క్యాన్సర్ నొప్పి మందుల గురించి రోగుల కోసం తెలుగులో ఒక కరపత్రం రాస్తున్నాను. ఒకే మోతాదుకి ఒకరికి నొప్పి తగ్గుతుంది, ఇంకొకరికి తగ్గదు. జన్యువులూ కొంత కారణం. “జన్యుపర ప్రతిస్పందనా వైవిధ్యం” అని రాస్తే మా అమ్మ మొదటి లైనులోనే కాగితం పక్కన పెట్టేసింది. వాడుకలో మాటేదైనా ఉందా?

– ఉందమ్మా. “ఆ మాత్ర నాకు పడదు”, “తిన్నది ఒంటికి పట్టడం లేదు”. ఈ రెండూ ఒకటి కాదు. పడకపోతే వాంతో దద్దురో, ఏదో ఒక చేటు. పట్టకపోతే మేలే లేదు. వంకాయ పడదంటాం గానీ పట్టదనం కదా!

– మాస్టారూ, కోడీన్ అనే నొప్పి మందు కథ అచ్చం ఇదే. నేను మందుల షాపులో ఫార్మసిస్టుని. కోడీన్ తనంతట తాను నొప్పిని పెద్దగా తగ్గించదు. కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైము అందులో కొంత మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందుగా మార్చాలి. పుట్టుకతోనే ఆ ఎంజైము పనిచేయని వాళ్ళకి కోడీన్ పట్టదు. ఆ జన్యువు ప్రతులు ఎక్కువున్న వాళ్ళలో మార్ఫిన్ గబగబా తయారై మగత ముంచుకొస్తుంది, ఊపిరి మందగిస్తుంది. వాళ్ళకి పడదు.

– మరి అసలు మార్ఫిన్‌కి?

– అక్కడ అంత సూటిగా లేదండీ. మార్ఫిన్ వెళ్ళి అతుక్కుని పనిచేసే చోటుని గ్రాహకం అంటాం; దాన్ని తయారుచేసే జన్యువు ఓపీఆర్ఎమ్1. ఆ జన్యువు రాతలో ఒక్క అక్షరం మారితే మోతాదు ఎక్కువ కావాలని కొన్ని చిన్న అధ్యయనాలు అన్నాయి. 2011లో అచ్చయిన ఐరోపా అధ్యయనంలో, 11 దేశాల్లో 2,294 మంది క్యాన్సర్ రోగుల్ని చూస్తే, వెతికిన జన్యుభేదాలేవీ మార్ఫిన్ లాంటి మందుల మోతాదుతో ముడిపడలేదు. కిడ్నీ సరిగా లేకపోయినా మార్ఫిన్ పనితీరు మారిపోతుంది. “మీ జన్యువుల వల్లే” అని మాత్రం రాయకండి.

– మా దిక్కు “ఆ గోలి నాకు వడది” అంటం. “పట్టది” అంటే “వానికేం పట్టది” అన్నట్టు, పట్టించుకోడని కూడ అర్థమైతది. “పని చేస్తలేదు” అని రాస్తే అయిపాయె గద అక్కా?

– అదీ నిజమే. కానీ “మందు పట్టలేదు”లో కర్త మందే, మనిషి కాదు. ఎక్కువ మోతాదు అడగ్గానే “మందుకి అలవాటు పడ్డాడు” అంటారు చూడండి, అక్కడ కర్త మనిషైపోతాడు. నిందా అతని మీదికే పోతుంది.

– ఇది రాసి పెట్టుకున్నాను మాస్టారూ. సరే, ‘మాత్ర’ అని రాయనా, ‘గోలి’ అనా?

– రెండూ రాయి అక్కా, నడుమ గీత వెట్టి.